కార్న్‌ఫ్లేక్స్ డబ్బు, పసిబిడ్డల ఆరోగ్యం

పాలలో వేసుకుని తినే కార్న్‌ఫ్లేక్స్ ప్యాకెట్టు మీద కెల్లాగ్స్ అనే పేరు మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ వ్యాపారంలో సంపాదించిన ఆస్తి మీద వచ్చే రాబడి 1930 నుంచి పిల్లల ఆరోగ్యానికి, చదువుకు, పేద కుటుంబాల బాగు కోసం ఖర్చవుతోందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

మిషన్ ఆసుపత్రుల్లో పనిచేసే మాకు ఫౌండేషన్, ట్రస్టు, గ్రాంటు అనే మాటలు తరచుగా వినబడేవే. అయినా కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులు, ఒక్కోసారి రోగుల బంధువులు కూడా అడుగుతుంటారు: "సిస్టర్, ఎక్కడో ఉన్నవాళ్ళు ఊరికే డబ్బెందుకిస్తారు? తిరిగి కట్టాలా? ఎవరికివ్వాలో ఎలా తేలుస్తారు?" ఒక్కమాటలో చెప్పడం కష్టం. అందుకే విల్ కీత్ కెల్లాగ్ గారు పెట్టిన ఫౌండేషన్ గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. కాన్పుల వార్డులో పనిచేసేవారు, ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉన్నవారు దీన్ని ముఖ్యంగా చదవాలి. ఎందుకో చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బ్యాటిల్ క్రీక్ అనే పట్టణం ఉంది. అక్కడ సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం వారు స్థాపించిన పేరుమోసిన ఆరోగ్యశాలకు డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ పెద్ద. ఆయన తమ్ముడే విల్ కీత్. 1860లో పుట్టారు. బడి చదువు చిన్నతనంలోనే ఆగిపోయింది. చీపుళ్ళు అమ్మారు. తరువాత పాతికేళ్ళ దాకా అన్నగారి దగ్గర లెక్కలు రాస్తూ, ఆరోగ్యశాల వ్యవహారాలు చూస్తూ గడిపారు. రోగుల పథ్యం కోసం మొక్కజొన్నతో చేసిన రేకులను బయట అమ్మితే బాగుంటుందని తమ్ముడు అనుకున్నారు. అందులో పంచదార కలపడం అన్నగారికి గిట్టలేదు. చివరికి 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టుకున్నారు.

1913లో ఆయన మనవడు, చిన్న పిల్లవాడు, మేడ మీది కిటికీలోంచి కింద పడ్డాడు. బతికాడు గానీ గాయాలు తీవ్రమైనవి. తాతగారి దగ్గర డబ్బుకు లోటు లేదు. అయినా ఆ పిల్లవాడికి సరైన వైద్యం దొరకడానికి ఎంతో తిరగవలసి వచ్చింది. నాకే ఇంత కష్టమైతే, చేతిలో ఏమీ లేని తల్లిదండ్రుల గతి ఏమిటన్న ఆలోచన తనను పట్టుకుందని ఆయన తరువాత చెప్పుకున్నారు. ఆ ఆలోచనే 1930లో ఫౌండేషన్ అయింది. మొదట దానికి పెట్టిన పేరులోనే శిశు సంక్షేమం అన్న మాట ఉండేది. తరువాత అది తీసేసి డబ్ల్యూ. కె. కెల్లాగ్ ఫౌండేషన్ అన్నారు. 1934లో ఆయన తన కంపెనీ షేర్లు, ఇతర ఆస్తులు కలిపి 6 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా ఒక ట్రస్టుకు రాసిచ్చారు. అమెరికా ఆర్థికమాంద్యంలో కూరుకుపోయిన రోజులవి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అన్నగారైన డాక్టర్ గారు కూడా ఒక ఫౌండేషన్ పెట్టారు. దాని పేరుకు తెలుగులో "జాతి మెరుగుదల" అని అర్థం. మనుషుల్లో మేలు రకం, తక్కువ రకం ఉంటాయనీ, మేలు రకాన్నే పెంచాలనీ వాదించే వారంతా 1914లో బ్యాటిల్ క్రీక్‌లోనే మహాసభ జరిపారు. నలభైమందికి పైగా పరాయి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచిన మనిషి, గొప్ప సర్జన్, ఇలాంటి మాటలు ఎలా నమ్మాడో నాకు అర్థం కాదు. చదువు ఎక్కువైనంత మాత్రాన చూపు సరిగా ఉంటుందని లేదు కదా. ఆ ఊళ్ళోనే తమ్ముడు పెట్టిన ఫౌండేషన్ సరిగ్గా దానికి ఎదురుదారిలో నడిచింది. అదీ ఒక్కరోజులో కాలేదు, డెబ్భై ఏళ్ళకు పైగా పట్టింది.

గ్రాంటు అంటే ఏమిటి?

కొబ్బరితోట ఉన్న రైతు చెట్లు అమ్ముకోడు, కాయలు అమ్ముకుంటాడు. ఫౌండేషన్ కూడా అంతే. అసలు ఆస్తిని షేర్లు, పెట్టుబడుల రూపంలో ఉంచుతుంది. వాటి మీద వచ్చేదాన్ని పంచుతుంది. అలా ఇచ్చేదే గ్రాంటు. అది అప్పు కాదు, వడ్డీ ఉండదు, తిరిగి కట్టనక్కరలేదు. కానీ దేనికోసం ఇచ్చారో దానికే ఖర్చుపెట్టాలి, లెక్క చూపాలి, ఏం మార్పు వచ్చిందో రిపోర్టు రాయాలి. సాధారణంగా వ్యక్తులకు ఇవ్వరు. ఆసుపత్రులు, బడులు, సేవాసంస్థలు, విశ్వవిద్యాలయాలకు ఇస్తారు. ధనవంతులు ఆస్తిని ఫౌండేషన్ పేర పెట్టి, పన్ను తప్పించుకుని, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా కూర్చోకూడదని అమెరికా ప్రభుత్వం 1969లో చట్టం చేసింది. ఇప్పుడున్న నియమం ప్రకారం ప్రైవేటు ఫౌండేషన్ ఏటా తన ఆస్తి విలువలో సుమారు 5 శాతం ధర్మకార్యాలకు ఖర్చుచేయాలి. కోవిడ్ వచ్చిన 2020లో కెల్లాగ్ ఫౌండేషన్ అంతటితో ఆగక 30 కోట్ల డాలర్లు బాండ్ల ద్వారా అప్పు తెచ్చి మరీ గ్రాంట్లు పెంచింది.

ఆ పాత కంపెనీ 2023లో రెండుగా విడిపోయింది. అందులో కార్న్‌ఫ్లేక్స్ వైపు కంపెనీని 2025లో ఇటలీకి చెందిన ఫెరెరో సంస్థ కొనుక్కుంది. ఫౌండేషన్ దాని పని అది చేసుకుపోతోంది. పంచదార కలిపిన టిఫిను అమ్మిన డబ్బుతో పిల్లల ఆరోగ్యమా అని ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ ప్రశ్న అడగదగినదే.

డబ్బివ్వడం తేలిక, దాన్ని పనిచేయించడం కష్టం. ఒకప్పుడు నేను పనిచేసిన చోటికి విదేశీ దాతలు మంచి ఇంక్యుబేటరు పంపించారు. ఎనిమిది నెలలు చక్కగా పనిచేసింది. తరువాత ఒక చిన్న భాగం పాడైంది. అది ఇక్కడ దొరకదు. దాన్ని బాగుచేసే మనిషీ లేడు. గుడ్డ కప్పి మూలన పెట్టాం. తరువాత తరువాత దాని మీద దుప్పట్లు పెట్టుకునేవాళ్ళం. దాతలది తప్పని అనను. ఆ ఉత్తరాలు, ఫారాలు నింపినవాళ్ళలో నేనూ ఉన్నాను. మాకు ఏం కావాలో మేము ఆలోచించి అడగలేదు.

ఏడు కౌంటీల్లో మొదలు

కెల్లాగ్ ఫౌండేషన్ మొదటి పెద్దపని 1931లో మిషిగన్‌లోనే, బ్యాటిల్ క్రీక్ చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో మొదలైంది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అన్నీ పల్లెటూళ్ళే. అక్కడ కౌంటీకి ఒక ఆరోగ్యశాఖ ఏర్పాటు చేయించారు. పల్లె డాక్టర్లను, పళ్ళ డాక్టర్లను, నర్సులను, టీచర్లను ఖర్చులిచ్చి మళ్ళీ చదువుకోవడానికి పంపించారు. బడిపిల్లలకు వైద్యపరీక్షలు, ఆసుపత్రులు, లైబ్రరీలు, పిల్లల శిబిరాలు నడిపారు. అదే సమయంలో బ్యాటిల్ క్రీక్‌లో కెల్లాగ్ గారి తల్లి పేర ఒక బడి వచ్చింది. అంగవైకల్యం ఉన్న పిల్లలు మిగతా పిల్లలతో కలిసి చదువుకునే బడి అది. 1931 నాటికి అమెరికాలో అలాంటి బడులు చాలా అరుదు.

యంత్రాల కంటే మనుషుల మీద ఎక్కువ పెట్టాలన్నది మొదటి నుంచీ వాళ్ళ పద్ధతి. మాలాంటివారికి ఇందులో ఒక విశేషం ఉంది. అమెరికాలో కూడా ఒకప్పుడు నర్సు కావాలంటే ఆసుపత్రి నడిపే మూడేళ్ళ డిప్లొమాయే దారి. నేను కూడా డిప్లొమా నర్సునే, ఆ మూడేళ్ళలో చదివింది ఎంతో, వార్డులో చాకిరీ చేసింది ఎంతో నాకు తెలుసు. 1950ల చివరలో కెల్లాగ్ ఫౌండేషన్ కాలిఫోర్నియా, ఫ్లారిడా, న్యూయార్క్, టెక్సస్ రాష్ట్రాలకు గ్రాంట్లిచ్చి, ఇంటి దగ్గరి కాలేజీలో రెండేళ్ళలో నర్సింగ్ చదివే కోర్సులు పెట్టించింది. పెళ్ళయినవారు, వయసు దాటినవారు, హాస్టల్లో ఉండలేనివారు కూడా నర్సులు కావడానికి వీలుపడింది. ఈ రోజుకీ అమెరికాలో ఎందరో నర్సులు ఆ రెండేళ్ళ కోర్సు ద్వారానే వస్తున్నారు.

అందరికీ ఒకే గరిటె చాలదు

బంతిలో వడ్డించేటప్పుడు అందరికీ ఒకే గరిటె వేస్తాం. పక్షపాతం లేదు, న్యాయమే. కానీ లేచి రాలేక మూల మంచం మీద పడుకున్న మనిషికి ఆ గరిటె అందదు. ఎవరూ కావాలని మానలేదు, అయినా ఆమె పస్తే. ఆమె దగ్గరికి కంచం తీసుకెళ్ళాలి, అవసరమైతే నోట్లో పెట్టాలి. అప్పుడే ఆమె కడుపు కూడా మిగతావారి కడుపులా నిండుతుంది. సామాజిక న్యాయం, సమానత్వం అని పెద్దపెద్ద మాటలు వాడుతుంటారు గానీ వార్డులో పనిచేసేవారికి అసలు సంగతి ఇదే.

అమెరికాలో ఆ మూల మంచం ఎవరిదో లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2022లో అక్కడ ప్రతి 1000 మంది తెల్లజాతి శిశువుల్లో ఏడాది నిండకుండా చనిపోయినవారు సుమారు 4.5 మంది. నల్లజాతి శిశువుల్లో 10.9 మంది. అంత డబ్బు, అన్ని ఆసుపత్రులు ఉన్న దేశంలో రెండింతలకు పైగా తేడా. పిల్లల కోసం పెట్టిన ఫౌండేషన్ ఈ తేడా జోలికి పోకుండా ఎన్నాళ్ళు పనిచేసినా లెక్క మారదు. 2007లో దాని ధర్మకర్తల మండలి జాతివివక్షను ఎదుర్కొనే సంస్థగా నడవాలని తీర్మానించుకుంది. 2010లో ఆ పని కోసం ఐదేళ్ళకు 7 కోట్ల 50 లక్షల డాలర్లు ప్రకటించింది. 1987లో లెక్కల విభాగంలో చేరిన లా జూన్ మాంట్‌గోమరీ టాబ్రన్ గారు 2014లో ఆ సంస్థకు అధిపతి అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ, మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె.

ఇంకో మంచి నిర్ణయం కూడా చేశారు. ప్రపంచమంతా తలా కొంచెం చల్లకుండా కొన్ని చోట్లనే ఎంచుకుని, ఒక తరం పాటు అక్కడే ఉంటామన్నారు. అమెరికాలో మిషిగన్, మిసిసిపి, న్యూ మెక్సికో రాష్ట్రాలు, న్యూ ఆర్లియన్స్ నగరం, ఇంకా మెక్సికో, హైతీ దేశాల్లోని కొన్ని ప్రాంతాలు. మూడేళ్ళ ప్రాజెక్టులు చూసినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. మొదటి ఏడాది మనుషుల్ని వెతకడంతో, మూడో ఏడాది ఉద్యోగం పోతుందన్న బెంగతో గడిచిపోతాయి. మధ్యలో ఒక్క ఏడాదే పని.

మిసిసిపిలో ఏం జరిగింది?

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి తల్లుల్లో బిడ్డకు పాలివ్వడం చాలా తక్కువ. దీనికి చరిత్ర ఉంది. బానిసత్వం రోజుల్లో తమ బిడ్డను పక్కన పెట్టి యజమాని బిడ్డకు పాలివ్వవలసి వచ్చిన తల్లులున్నారు. తరువాతి రోజుల్లో డబ్బాపాలు వచ్చాయి. కాన్పు తరువాత జీతంతో సెలవు ఇవ్వాలని అక్కడ దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. కొద్ది వారాలకే పనిలోకి పోయే తల్లి ఏం చేస్తుంది? ఇవన్నీ అందరికీ తెలిసినవే. 2014లో వచ్చిన ఒక ప్రభుత్వ పరిశీలన మరో సంగతి బయటపెట్టింది. నల్లజాతివారు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లోని ఆసుపత్రులు పుట్టిన వెంటనే పాలు పట్టించడం, బిడ్డను తల్లి పక్కనే ఉంచడం వంటి పద్ధతులను మిగతాచోట్ల కంటే తక్కువగా పాటిస్తున్నాయి. అంటే తప్పంతా తల్లిది కాదు, వార్డుది కూడా.

ఆ ఏడాదే కెల్లాగ్ ఫౌండేషన్ గ్రాంటుతో బోస్టన్‌లోని నిపుణులు మిసిసిపి ఆసుపత్రులతో పని మొదలుపెట్టారు. ఆ కార్యక్రమం పేరు చాంప్స్. 2017కల్లా మిసిసిపి, లూసియానా, టెన్నెసీ, టెక్సస్ రాష్ట్రాల్లో 33 ఆసుపత్రులు చేరాయి. కొత్త భవనం, ఖరీదైన యంత్రం ఏమీ లేవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ, యునిసెఫ్ కలిసి చెప్పిన పది సూత్రాలను వార్డులో అమలు చేయడమే పని. బిడ్డ పుట్టగానే తుడిచి తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం. తూకం, ఇంజెక్షన్ తరువాత. రాత్రింబగళ్ళు తల్లీబిడ్డా ఒకే గదిలో. వైద్యపరమైన అవసరం లేకుండా డబ్బాపాలు పట్టకూడదు, పాలపీక ఇవ్వకూడదు. డబ్బాపాల కంపెనీలు ఉచితంగా ఇచ్చేవి తీసుకోకూడదు, అవసరమైనవి ఆసుపత్రి డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఇంటికి వెళ్ళాక పాలిచ్చే తల్లులు ఒకచోట కలుసుకుని మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఊళ్ళలో చేశారు.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టారు. ప్రతి ఆసుపత్రి నెలనెలా లెక్కలు పంపాలి, అదీ జాతివారీగా విడదీసి. ఎంతమంది బిడ్డలకు పాలు పట్టారు, ఎంతమందిని తల్లి గుండెల మీద ఉంచారు, ఎంతమంది తల్లి పక్కన పడుకున్నారు, అందులో నల్లజాతివారెందరు, తెల్లజాతివారెందరు. "మేము అందరినీ ఒకేలా చూస్తాం" అని చెప్పడం తేలిక. నెలాఖరున రెండు అంకెలు పక్కపక్కన రాస్తే ఆ మాట నిలుస్తుందో లేదో కనబడిపోతుంది.

ఫలితాలను పీడియాట్రిక్స్ అనే వైద్యపత్రిక 2019లో ప్రచురించింది. ఆ ఆసుపత్రుల్లో తల్లిపాలు మొదలుపెట్టిన బిడ్డలు మొత్తం మీద 66 శాతం నుంచి 75 శాతానికి పెరిగారు. నల్లజాతి బిడ్డల్లో 46 నుంచి 63కు. కేవలం తల్లిపాల మీదనే ఉన్నవారు నల్లజాతి బిడ్డల్లో 19 శాతం నుంచి 31 శాతానికి పెరిగారు. రెండు జాతుల మధ్య తేడా రెండున్నరేళ్ళలో దాదాపు 10 పాయింట్లు తగ్గింది. నల్లజాతి తల్లుల విషయంలో బాగా కలిసివచ్చినవి రెండని తేలింది. సిజేరియన్ అయినా సరే బిడ్డను తల్లి చర్మానికి ఆనించి ఉంచడం ఒకటి. తల్లి గదిలోనే బిడ్డను ఉంచడం రెండోది. ఈ రెండూ నర్సుల చేతిలో ఉన్నవే, డాక్టరు గారి సంతకం కోసం ఎదురుచూడనక్కరలేదు.

మన దగ్గర

ఈ విషయంలో మనకు అమెరికాలో లేని ఒక మేలుంది. డబ్బాపాల కంపెనీలు తల్లులకు ఉచిత శాంపిళ్ళు పంచకుండా, తమ సరుకు పెంచుకోవడానికి ఆసుపత్రి సిబ్బందికి కానుకలు ఇవ్వకుండా 1992లోనే మనదేశం చట్టం చేసింది, 2003లో దాన్ని ఇంకా బిగించింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొదటి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో సగం మందే, తెలంగాణలో 37 శాతమే. అదే సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కోత పెట్టిన తల్లి లేవలేదని మనమే బిడ్డను పక్క గదికి పంపుతున్నాం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే చేసేదాన్ని. బిడ్డను తుడిచి, తూకం వేసి, నర్సరీలో వరసగా పడుకోబెట్టి, తల్లికి మత్తు దిగేదాకా గ్లూకోజు నీళ్ళు పట్టేవాళ్ళం. ముర్రుపాలు చిక్కగా పసుపుపచ్చగా ఉంటాయని పిండి పారబోయించే అత్తగార్లను మేము కోప్పడేవాళ్ళం. మేము చేసిందీ అదేనని మాకు తోచలేదు. ఏసీ రూము తల్లులైతే బిడ్డను తెచ్చి ఇమ్మని గట్టిగా అడిగేవారు, తెచ్చి ఇచ్చేవాళ్ళం. జనరల్ వార్డు తల్లులు, తండాల నుంచి వచ్చినవారు అడగడానికి జంకేవారు. వాళ్ళ బిడ్డలే ఎక్కువసేపు నర్సరీలో ఉండేవారు. ఎవరూ ఆ లెక్క రాయలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఈ ఫౌండేషన్‌కు మనం కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చా అని అడిగేవారుంటారు. వాళ్ళు ఎంచుకున్న ప్రాంతాలు పైన రాశాను, మన జిల్లాలు అందులో లేవు. పైగా విదేశీ విరాళం ఎవరి దగ్గర తీసుకోవాలన్నా మనదేశ చట్టం ప్రకారం ముందుగా రిజిస్ట్రేషనో అనుమతో ఉండాలి. 2020లో వచ్చిన సవరణ ప్రకారం ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధానశాఖ ఖాతాలోనే పడాలి. కానీ 33 ఆసుపత్రులు చేసిన పనికి కావలసినవాటిలో గ్రాంటు లేకుండా మనకు అందేవే ఎక్కువ.

మన లేబర్ రూము రిజిస్టరులో బిడ్డ పుట్టిన సమయం, బరువు, ఆడా మగా, కాన్పు ఎలా అయింది అన్న గడులున్నాయి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఇంకో మూడు గడులు గీస్తున్నాం: తల్లి గుండెల మీద ఎప్పుడు పెట్టారు, మొదటిసారి పాలు ఎప్పుడు తాగింది, తల్లి ఏ వార్డు, ఏ ఊరు. నైట్ డ్యూటీ సిస్టర్లు కూడా నింపాలి. నెలాఖరున లెక్క తీసి జనరల్ వార్డు, స్పెషల్ రూములు వేరువేరుగా డ్యూటీ రూము గోడకు అంటిస్తాం.